నీటిగుంట ఎదుట రెండు కుర్చీలు

ప్రయాణం మాట మొదలుపెట్టిన రోజున నా చేతిలో ఉన్నవి ఇవి: దుకాణం అమ్మగా నా వాటాకి వచ్చిన డబ్బు, ఏ పనీ లేని పగళ్ళు, ఇంకా తిన్నగా పనిచేస్తున్న రెండు మోకాళ్ళు, ఒక అన్నయ్య. మొదటి మూడూ నా సొంతం. నాలుగోది ఉమ్మడి ఆస్తి. అందులో వదినకీ, డాక్టరుకీ కూడా వాటాలున్నాయని నాకు తర్వాత తెలిసింది.

మాది సంచుల దుకాణం. నాన్న పెట్టింది. ట్రంకుపెట్టెలు, సూట్‌కేసులు, బడిసంచులు, పర్సులు. ఊరందరినీ మేమే ప్రయాణాలకి సాగనంపాం గానీ, సరుకు కొనడానికి తప్ప మేం ఎక్కడికీ పోలేదు. ప్రయాణాలు చేసేవాడికి సంచి ఒకటి చాలు. సంచులు అమ్మేవాడికి రోజంతా కావాలి.

ఖాళీ సంచి అమ్ముడుపోదు. కొక్కేనికి వేలాడదీస్తే మొహం వేలాడేసుకుని ఉంటుంది. దాని పొట్టలో కాగితం కుక్కితేనే ఠీవిగా నిలబడుతుంది. అందుకని నాన్న పాతకాగితాలు తూకానికి కొనేవాడు. కుక్కే పని అన్నయ్యదీ నాదీ. ఒకసారి మూతపడిన బడి లైబ్రరీ నుంచి ఒక పెద్ద కట్ట వచ్చింది. అన్నీ జంతువుల పత్రికలు, నిగనిగలాడే కాగితం. నాన్న "నలిపి కుక్కండిరా" అని ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. అన్నయ్య నలపలేదు. సబ్బుల ప్రకటనలూ వాచీల ప్రకటనలూ ఏరి నలిపాడు. సింహాల్ని మోకాలిమీద పెట్టి అరచేత్తో సాపు చేశాడు.

వెనక సామాన్ల గదిలో ఆ పేజీలు చదివి వినిపించేవాడు. నాకింకా అక్షరాలు కూడబలుక్కునే వయసు. అక్కడే మా ఆఫ్రికా ప్రయాణం తయారైంది. ఐదు మజిలీలు. తెల్లగుడ్డ కప్పిన కొత్త సూట్‌కేసుల గుట్ట మంచుకొండ. దాని కింద ఏనుగులు. మూత తెరిచిన పెద్ద ట్రంకు అగ్నిపర్వతం గొయ్యి. అందులో నేను కూర్చుంటే అన్నయ్య మూత సగం దించి "ఖడ్గమృగం వస్తోంది, ఊపిరి బిగబట్టు" అనేవాడు. రెక్సిన్ చుట్ట విప్పి రెండు చేతులా దులిపితే జలపాతం చప్పుడు. వానాకాలం కాలవ పొంగి గదికీ కొట్టుకీ మధ్య నీళ్ళు నిలిస్తే అదే నది. ఎద్దు తలా గుర్రం తోకా ఉండే జింకలు వేలకి వేలు దూకే నది. మూలన పడేసిన ఖాకీ కాగితం ఎడారి. "పెద్దయ్యాక అన్నీ చూద్దాం, ఒక్కటీ వదలొద్దు" అనేవాడు. నేను సరేననేవాణ్ణి. ఆ వయసులో అన్నయ్య మాటకి బేరం ఉండదు.

పెద్దయ్యాం. ప్రయాణం కాలేదు గానీ జంతువులు మాత్రం దుకాణంలో ఉండిపోయాయి. కొనేవాళ్ళకి తెలియకుండా మేం మాట్లాడుకునే భాష అది. పది సంచులు దింపించి ఏమీ కొనకుండా పోయేది జింక. ఇంకొకడు బేరమాడి వదిలేసిన సరుకుని సగం ధరకి ఎత్తుకుపోయేది హైనా. ధర అడక్కుండా తీసుకునేది ఏనుగు. ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి. మెట్లెక్కుతున్న మనిషిని చూసి అన్నయ్య కళ్ళద్దాలు సర్దుకుంటూ "ఏమిటంటావ్?" అనేవాడు. నేనొకటి చెప్పేవాణ్ణి, ఆయనొకటి. చాలాసార్లు ఆయనే గెలిచేవాడు.

దుకాణం ఫోన్లు అమ్మే కుర్రాళ్ళ చేతికి వెళ్ళిన నెలలోపే ఒక సాయంత్రం అన్నయ్య ఇంటికి వెళ్ళి, "వెళ్దామా?" అన్నాను.

"ఎక్కడికిరా?" అన్నాడు. అంటూనే అర్థమైపోయింది. "ఐదూనా?"

"ఐదూ."

"నీకు మతి పోయింది" అన్నాడు. లేచి చొక్కా వేసుకున్నాడు.

టూర్ల ఆఫీసు మందుల షాపు పైన, రెండో అంతస్తులో. లిఫ్టు పని చేయడం లేదు. గోడనిండా మ్యాపు, బల్లమీద అరచేయంత విమానం బొమ్మ, నీళ్ళు పోయనక్కర్లేని ఆకుపచ్చ మొక్క. బల్ల వెనక ఉన్న అమ్మాయి జుట్టుముడిలో పెన్సిలు గుచ్చుకుని, మమ్మల్ని చూసి కూడా కంగారు పడకుండా కూర్చుంది. అన్నయ్య నా చెవిలో "చిరుతరా. జాగ్రత్త" అన్నాడు.

నా పథకం చెప్పాను. ఒక్కో చోట ఒక్క రాత్రి. పొద్దున దిగడం, చూడడం, మర్నాడు పొద్దున బయల్దేరడం. మేం సరుకు కొనడానికి తిరిగింది అలాగే. బస్సుల్లో పడుకుని, ఊరికొక పూట చొప్పున చుట్టబెట్టుకొచ్చేవాళ్ళం. నాణ్యం చూడడానికి ఒక పూట చాలు.

ఆ అమ్మాయి ఓపికగా విని, "సార్, మీరు దిగిన పూటే సింహం బయటికి రావాలని లేదు కదా" అంది.

"రాకపోతే తర్వాతి ఊళ్ళో చూసుకుంటాం తల్లీ" అన్నాడు అన్నయ్య. "సింహాలు వాళ్ళొక్కరి దగ్గరేనా?"

"రోడ్లు బాగోవు సార్. కొన్నిచోట్ల ఐదారు గంటలు జీపులో. బాగా కుదుపుతుంది."

"మేం ఎక్కిన బస్సులు నువ్వు చూళ్ళేదమ్మా" అన్నాను.

"ఇంకోటి. చక్రాలున్న గట్టి పెట్టెలు పనికిరావు. మధ్యలో చిన్న విమానాలు ఉంటాయి. మెత్తటి సంచులే తీసుకోవాలి. అవి ఎలా ఉంటాయంటే..."

మేమిద్దరం ఒకేసారి నవ్వేశాం. పాపం ఆ పిల్లకి ఎందుకో తెలియలేదు.

బేరం మొదలైంది. నేను తగ్గించమన్నాను, ఆమె కొంచెం తగ్గింది. ఇంకా తగ్గించమన్నాను, కుదరదంది. అప్పుడు అన్నయ్య లేచాడు. బేరంలో లేచి నిలబడడం అన్నిటికంటే పాత ఎత్తు. కానీ అన్నయ్య లేచిన తీరు వేరు. సగం లేచి, బల్ల అంచు పట్టుకుని, కూర్చోకుండా నిలబడకుండా కిటికీలోంచి ఎటో చూస్తూ అలాగే ఆగిపోయాడు. ఒక్క మాట లేదు. పెదాలు బిగించాడు. ఆ నిశ్శబ్దం భరించలేక ఆ అమ్మాయి ఇంకో మెట్టు దిగి, పొద్దుటి ఫలహారాలు కూడా కలిపేసింది.

"అబ్బ, ఏం లేచావన్నయ్యా!" అన్నాను మెట్లు దిగుతూ. "ఇన్నేళ్ళలో నీ అంత బాగా లేచినవాణ్ణి చూళ్ళేదు."

"ఊఁ" అన్నాడు. కమ్మీ పట్టుకుని పక్కవాటుగా, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి దిగుతున్నాడు. బేరం గెలిచిన ఆనందంలో నాకది కనిపించలేదు. సరుకులో లోపం ఆమడ దూరంలోంచి పట్టేవాణ్ణి, పక్కనున్న మనిషిలో పట్టలేకపోయాను.

సంచులు నేనే ఎంచాను. మా దగ్గర పని నేర్చుకుని వేరే కొట్టు పెట్టుకున్నవాడి దగ్గరికి వెళ్ళి, కుట్లు లాగి, జిప్పు నాలుగుసార్లు నడిపి, నాలుగు మెత్తటి కాన్వాసు సంచులు తెచ్చాను. రెండు మాకు, రెండు వదినకీ మా ఆవిడకీ. పట్టుకుని మధ్యాహ్నంపూట అన్నయ్య ఇంటికి వెళితే, ఆయన హాల్లో వట్టి నేలమీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు కుర్చీమీద పెట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. అదే సగం లేవడం. అదే ఆగిపోవడం. అవే బిగించిన పెదాలు.

వదిన వంటింట్లోంచి తడిచేతులతో వచ్చింది. "చూశావుగా మరిదీ. మొన్న మీ బేరం గెలిపించింది ఈ నటనే. ఇంట్లో రోజూ ఆడుతున్నారు, టిక్కెట్టు లేకుండా."

"నువ్వుండవే" అన్నాడు అన్నయ్య.

"ఎందుకుండాలి? డాక్టరు ఏం చెప్పాడో మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

ఆవిడే చెప్పింది. ఏళ్ళ తరబడి మోసిన మూటలకి వెన్నుపూసలు అరిగిపోయాయట. గట్టి కుదుపు ఒక్కటి తగిలితే కాళ్ళలో స్పర్శ పోవచ్చట. మంచి రోడ్డుమీద నెమ్మదిగా వెళితే పరవాలేదు, విమానం పరవాలేదు, జీపు మాత్రం ఎక్కనే కూడదు. మంచంమీద నిద్ర పట్టక మూడు నెలలుగా నేలమీదే పడుకుంటున్నాడు. నిద్ర మాత్రం అక్కడా లేదు.

"మరి టూర్ల ఆఫీసుకి ఎందుకొచ్చావ్?" అని అడిగాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

"నువ్వు పిలిచావు కదరా."

"పిలిస్తే వచ్చేస్తావా?"

"రాకపోతే నువ్వొక్కడివే బేరం చెడగొడతావు." నవ్వబోయి మానేశాడు. "నువ్వూ మరదలూ వెళ్ళి రండి. ఐదూ చూసి రా. ఫోటోలు తెచ్చి చూపించు. నాకు అదే చాలు."

సంచులు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. దారిలో లెక్క వేసుకున్నాను. డబ్బుంది, కాలముంది, కాళ్ళున్నాయి. లేనిది ఒక్కటే. ఆ ఒక్కటీ లేకపోతే మిగతా మూడూ కలిసి సున్నా. ఇంకో ఏడాది ఆగుదామంటే, ఆగితే బాగుపడే జబ్బు కాదది.

మా ఆవిడ అంతా విని, మడతపెడుతున్న దుప్పటి ఒక కొస నా చేతికిచ్చింది. "పట్టుకోండి. తిన్నగా." తర్వాత అంది, "మీరిద్దరూ బతుకంతా చేసిన పనేంటి?"

"సంచులమ్మడం."

"అది ఏడాదికి కొన్ని గంటలు. మిగతా అంతా?"

దుప్పటి కొస ఇంకోసారి సరిచేశాను.

"కూర్చోడం" అంది. "రెండు కుర్చీలేసుకుని, ఎవరొస్తారా అని చూస్తూ కూర్చోడం. మీరు ఎవరింటికన్నా వెళ్ళి సంచి అమ్మారా? వాళ్ళే వచ్చారు. ఆ జంతువులు మాత్రం ఎక్కడికో అక్కడికి నీళ్ళు తాగడానికి రావా?"

మర్నాడు టూర్ల ఆఫీసు తాళం తీసేసరికి నేను మెట్లమీద ఉన్నాను. సంగతి చెప్పాను. జీపు ఎక్కకుండా, కూర్చున్నచోటికే జంతువులొచ్చే చోటు కావాలన్నాను. ఆ అమ్మాయి పెన్సిలు తీసి మ్యాపుమీద పెట్టింది. "ఒకటుంది సార్. బస ముందే నీటిగుంట. వరండాలో కూర్చుంటే చాలు. చిన్న విమానం బస పక్కనే దిగుతుంది. కానీ మీ ఐదింటిలో ఇది ఒక్కటే అలాంటిది. మంచుకొండ కింద ఉండేది."

"మిగతావి తీసేయమ్మా."

"అన్నీనా? అంత బేరమాడి తగ్గించుకున్నారు కదా సార్!"

తగ్గించి కొనడం నాకు వచ్చు. కొన్నదాన్ని తగ్గించుకోవడం అదే మొదటిసారి. ఎడారి తీసేసింది. ఖాకీ కాగితం మీద పాకిన అన్నయ్య మోచేతులు గుర్తొచ్చాయి. జలపాతం తీసేసింది. రెక్సిన్ చప్పుడుకి నాన్న ముందుగదిలోంచి "ఏమిట్రా ఆ గోల?" అని అరిచిన అరుపు వినిపించింది. నది దగ్గర ఆమె ఆగి నా మొహం చూసింది. "తీసెయ్" అన్నాను. గొయ్యి దగ్గర నేనే కిటికీవైపు తిరిగాను. రాత్రులన్నీ ఒక్కచోటికే చేర్చమన్నాను. ఈసారి ధర గురించి మాట్లాడలేదు. ఆమే తగ్గించింది.

ఇక అసలు బేరం మిగిలింది. అన్నయ్యకి అమ్మడం.

"ఒక్కచోట కూర్చోడానికి అంత దూరమెందుకురా?" అన్నాడు నేలమీంచే. "మన వరండాకేం తక్కువ? వదిన రెండు పూటలా గర్జిస్తుంది కూడా."

"విన్నాను!" అంది వదిన లోపల్నుంచి.

"గదులు అయిపోతున్నాయట" అన్నాను.

"ఆ మాట నీకు నేర్పింది నేను."

"కట్టిన డబ్బు వెనక్కి రాదట."

"అదీ నేనే నేర్పాను. చూడు, నా కోసం నీ ప్రయాణం కత్తిరించుకుంటానంటే నేనొప్పుకోను. నీకు కాళ్ళున్నాయి. ఐదూ చూసి రా. నాలుగు నష్టపోయి ఒకటి కొనేవాణ్ణి వ్యాపారి అంటారా?"

నాకు తెలిసిన ఎత్తులన్నీ అయిపోయాయి. అన్నీ ఆయన దగ్గర తీసుకున్నవే. పక్కన నేలమీద కూర్చున్నాను.

"ఒక్కణ్ణే వెళితే ఐదూ చూస్తాను అన్నయ్యా. చూసి? పక్కకి తిరిగి 'అదిగో' అంటే ఎవరు వింటారు? జీపు డ్రైవరు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అన్నయ్య కుర్చీమీది కాళ్ళు సర్దుకున్నాడు.

"డ్రైవరుకి మన మాట రాదు కదా" అన్నాడు చివరికి.

"రాదు."

"అయితే కష్టమే. ఆ వరండాలో కుర్చీలకి వీపు నిలువుగా ఉంటుందా, వాలుగానా? అది కనుక్కున్నావా లేదా?"

కనుక్కోలేదు. అప్పుడే టూర్ల ఆఫీసుకి ఫోన్ చేశాను. నిలువుగా ఉన్నవీ ఉన్నాయి, వాలుగా పడుకోబెట్టేవీ ఉన్నాయన్నారు. డాక్టరు దగ్గరికి నలుగురం వెళ్ళాం. నడుముకి పట్టీ, విమానంలో గంటకోసారి లేవడం, పెద్ద విమానాశ్రయాల్లో చక్రాల కుర్చీ అన్న షరతులమీద ఒప్పుకున్నాడు. చక్రాల కుర్చీ దగ్గర అన్నయ్య ఎదురు తిరిగాడు.

"నన్ను సామానులా తోసుకెళ్తారా?"

"సామానుమీదే కదా ఇన్నాళ్ళూ తిన్నాం" అంది వదిన. "నాలుగు రోజులు మీరే సామానైతే అరిగిపోతారా?"

వెళ్ళాం. దారి సంగతి ఎక్కువ చెప్పను. దారంతా అన్నయ్య ఇతరుల సంచులు చూస్తూ వచ్చాడు. "ఆ పిడి ఊడిపోతుంది" అన్న రెండు గంటలకి, ఒకాయన పిడి నిజంగానే ఊడిపోయింది.

బస అనుకున్నట్టే ఉంది. చెక్క వరండా, ముందు ఎండిన గడ్డి, గడ్డి మధ్యలో గోధుమరంగు నీటిగుంట. దూరంగా మబ్బు, కొండ ఆ మబ్బులో ఉందని చెప్పారు. మాకు అది ఒక్కసారీ మొహం చూపించలేదు. ఆడవాళ్ళిద్దరూ పొద్దున్నే జీపెక్కి వెళ్ళేవాళ్ళు. ఆ పత్రికల మొహమైనా చూడనివాళ్ళు. సింహాన్ని చూశారు, దాని పిల్లల్ని చూశారు, చెట్టుమీద చిరుతని చూశారు. మధ్యాహ్నం దుమ్ము కొట్టుకుని వచ్చి, "మీరేం చూశారు?" అని వదిన అడిగేది.

"అడవిపందిని" అనేవాడు అన్నయ్య.

"నిన్నా అదే చెప్పారు."

"పాత ఖాతాదారు. రోజూ వస్తోంది."

మేం నిజంగా చూసింది అంతే. పందులు, కొంగలు, ఒకసారి నాలుగు జీబ్రాలు. ఎవరూ రాని గంటలు చాలా ఉండేవి. దుకాణంలోనూ ఉండేవి గానీ, అక్కడ రాని గంట నష్టం. పక్కపక్కన కూర్చున్నా ఇద్దరి కళ్ళూ వీధిమీదే. ఇక్కడ రాకపోయినా ఎవరికీ అద్దె కట్టనక్కర్లేదు. అమ్మ గొంతు గురించి, నాన్న తూకం వేసేటప్పుడు ఒక కన్ను మూసుకోవడం గురించి, మాకు తోచినవన్నీ మాట్లాడుకున్నాం. నాకు గుర్తులేని అమ్మని ఆయన చెప్పాడు. ఆయన మరిచిపోయిన నాన్నని నేను చెప్పాను.

తిరుగు ప్రయాణానికి ముందురోజు మధ్యాహ్నం. ఆడవాళ్ళు గదిలో ఉన్నారు. అన్నయ్య వాలుకుర్చీలో ఏదో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగాడు. తిరిగి చూస్తే నిద్రపోయాడు. కునుకు కాదు. నోరు తెరుచుకుని, చేతులు రెండు పక్కలా వదిలేసి, గురకతో సహా గాఢమైన నిద్ర. దుకాణంలో అన్నేళ్ళూ ఒక్క మధ్యాహ్నం కూడా కన్ను వాల్చినవాడు కాదు. పెదాలు బిగించి లేవు. నొసటిమీద ముడత లేదు.

అప్పుడు వచ్చాయి. గడ్డి ఊగింది, చప్పుడు లేదు. ముందొక పెద్దది, చెవులు చేటల్లా విప్పి. వెనక మిగతా ఆడవి, వాటి కాళ్ళ మధ్య పిల్లలు. అంత బరువూ చప్పుడు లేకుండా నడవడం నేను నమ్మలేకపోయాను. నీళ్ళలోకి దిగాయి. వరండా మెట్లనుంచి మా పాత కొట్టు వీధి వెడల్పంత దూరం కూడా లేదు. తొండం నీళ్ళు పీల్చే చప్పుడు స్పష్టంగా వినిపిస్తోంది.

నా చెయ్యి అన్నయ్య మోచేతి దాకా వెళ్ళింది. 'అదిగో' అన్న మాట నోట్లోనే ఉంది. ఆ మాట కోసమే ఆయన్ని ఇంత దూరం లాక్కొచ్చాను. లేపితే సగం లేస్తాడు, ఆగిపోతాడు, పెదాలు బిగిస్తాడు. ఈ నిద్ర మళ్ళీ ఎన్నాళ్ళకో. తక్కెడ ఒక పళ్ళెంలో చిన్నప్పటినుంచీ అడిగిన ఏనుగు, ఇంకో పళ్ళెంలో మూడు నెలలుగా దొరకని నిద్ర. ముల్లు ఎటు మొగ్గిందో వ్యాపారికి వేరే చెప్పక్కర్లేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

తాగాయి. ఒక పిల్ల జారి కూర్చుండిపోతే తల్లి తొండంతో వీపు తోసింది. మట్టి చల్లుకున్నాయి. పోయాయి.

అన్నయ్య లేచేసరికి ఎండ పచ్చబడింది. గట్టంతా చితికిన బురద, బుట్టలంత అడుగులు.

"ఎవరైనా వచ్చారా?" అన్నాడు, భోజనం చేసి కొట్టుకి తిరిగొచ్చినవాడిలా.

"ఏనుగులు."

"లేపొద్దట్రా వెధవా!" అన్నాడు. అడుగుల్ని ఒక్కొక్కటిగా చూశాడు. కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నడుము ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. "సరే, చెప్పు. మొదటినుంచీ చెప్పు. ఏదీ వదలకు."

చెప్పాను. చెవులు, చప్పుడు లేని నడక, జారిన పిల్ల. ఒక్కో చోట ఆపి అడిగాడు. ఏ కాలు ముందు పెట్టింది, తోక ఎటు ఉంది. కొన్నిటికి నాకు జవాబు తెలియలేదు, కల్పించాను. కల్పించిన చోట పట్టేశాడు. మర్నాడు విమానం ఎక్కేదాకా మళ్ళీ ఏనుగులు రాలేదు.

ఇప్పుడు ఇంటికొచ్చాం. ఎవరొచ్చినా అన్నయ్య ఏనుగుల్ని చెబుతున్నాడు, తనే చూసినట్టు. వదిన పక్కనుంచి "గురకపెడుతూ చూశారు" అంటుంది. ఆయన ఆగడు. పిల్ల జారిన చోటు నాకంటే బాగా చెబుతాడు; అక్కడ నేను గమనించని ఒక చెవి కదలిక కూడా ఉంది. నేను సరిదిద్దను.

ఖర్చు: దుకాణం వాటాలో పెద్ద ముక్క. వదులుకున్నవి: నాలుగు మజిలీలు, మబ్బు చాటున ఉండిపోయిన కొండ. రాబడి: అన్నయ్యకి ఒక మధ్యాహ్నం నిద్ర, నాకు ఒక ఏనుగుల గుంపు. మేం ఎప్పుడూ సగం సగం వాటాదారులమే. ఇందులోనూ పంచుకున్నాం. నిద్ర ఆయన దగ్గరే ఉంది, ఏనుగులు మాత్రం ఇప్పుడు ఇద్దరివీ.